వంటయింటి తపస్వి: సహోదరుడు లారెన్సు

ప్రార్థన యనగానే మనకు స్ఫురించునది ఏకాంతము. చర్చిలో నొక బల్ల, పూజగదిలో నొక పీట, ఇంటివారు మేల్కొనక మునుపు తెల్లవారుజామున దొరకు అరగంట. దైవసన్నిధి అచ్చట నుండుననియు, ఆ అరగంట గడచి పనిలోనికి దిగినంతనే అది మనలను విడిచిపోవుననియు తలచుట సర్వసాధారణము. ఈ తలపును తన బ్రదుకుతో త్రోసిపుచ్చిన మనుష్యుడొకడు పదునేడవ శతాబ్దమున పారిస్ నగరములో నుండెను. అతడు మహాపండితుడు కాడు. గురుపట్టము పొందినవాడు కాడు. ఉపన్యాసములిచ్చి జనమును కదిలించినవాడును కాడు. ఒక మఠమున మొదట వంటవాడు, తరువాత చెప్పులు బాగుచేయువాడు. క్రైస్తవలోకము అతనిని సహోదరుడు లారెన్సు అను పేర ఎరుగును.

అతని జన్మనామము నికొలా ఎర్మాన్. ఫ్రాన్సు దేశపు ఈశాన్యభాగమున నున్న లొరేన్ ఆ కాలమున ఫ్రాన్సులో చేరక ఒక డ్యూకు ఏలుబడిలో నుండిన చిన్నరాజ్యము. అందలి లూనెవిల్ పట్టణమునకు చేరువనున్న ఎరిమెనిల్ అను పల్లెలో సుమారు 1614వ సంవత్సరమున నికొలా పుట్టెను. తలిదండ్రులు పేదవారు, దైవభీతి గలవారు. పాండిత్యమునకు తగిన చదువు అతనికి అబ్బలేదు.

పదునెనిమిదవ యేట జరిగిన చిన్నసంఘటన అతని జీవితమునకు మూలమైనది. సంఘటన యనుటకు గూడ తగనంతటి స్వల్పవిషయము. చలికాలమున నొకనాడు అతడు ఆకులు రాలిన చెట్టు నొకదానిని చూచెను. మన దేశమున ఆకురాల్పు కొలదిదినముల ముచ్చట. మోదుగచెట్టు ఆకు రాల్చిన కొలదికాలమునకే ఎర్రని పూవులతో నిండిపోవును. లొరేన్ వంటి చలిసీమలో అట్లు గాదు. నెలల తరబడి చెట్లు ఎండుకట్టెలవలె మంచులో నిలిచియుండును. ఆ మోడును చూచిన నికొలాకు, కొంతకాలమునకు దీనికి మరల చిగురు వచ్చును గదా, పూవు వచ్చును, కాయ వచ్చును గదా యను తలంపు కలిగెను. ఆ తలంపుతోబాటు, దానినట్లు చిగురింపజేయు దేవుని శక్తియు కాపుదలయు అతని మనస్సున నాటుకొనెను. ఆకాశవాణి వినబడలేదు, దివ్యదర్శనము కలుగలేదు. కాని ఆ క్షణమున కలిగిన ఎరుక తనను ఎన్నడును పూర్తిగా విడువలేదని అతడు నలువది యేండ్లు దాటిన పిమ్మట గూడ చెప్పుకొనెను.

అట్టి అనుభవము కలిగినవాడు వెంటనే సన్యసించెనని వ్రాయుటకు చరిత్రకారునకు ముచ్చటగనే యుండును. నికొలా సన్యసింపలేదు; సైన్యమున చేరెను. 1618లో ఆరంభమై 1648 వరకు ఐరోపాను దహించిన ముప్పదియేండ్ల యుద్ధమునకు లొరేన్ నలిగిపోవుచున్న దినములవి. ఆ రాజ్యమునకు చెందిన ఝాక్ కాల్లో అను చిత్రకారుడు 1633లో వెలువరించిన యుద్ధఘోరముల చిత్రమాలను చూచినవారికి ఆ కాలపు స్థితి తెలియును: దోపిడి, గృహదహనము, చెట్టుకొమ్మలకు వ్రేలాడు శవములు. నికొలా ఒకమారు జర్మను దళములకు చిక్కెను. వారతనిని గూఢచారి యని అనుమానించి ఉరిదీయుదుమని బెదరించిరి. తాను గూఢచారిని కాననియు, చంపదలచిన చంపవచ్చుననియు అతడు భయములేక బదులు చెప్పగా వారు విడిచిపెట్టిరి. పిమ్మట స్వీడను సేనలు లొరేన్‌పై పడినప్పుడు 1635లో రాంబెర్విలే యొద్ద గాయపడి తలిదండ్రుల యింటికి చేరెను. సైనికజీవితమున తాను చేసిన పాపములు అతనిని చిరకాలము వేధించుచునే యుండెను.

యుద్ధము విడిచినవాడు కొంతకాలము మరియొకనితో గూడి ఏకాంతవాసము చేయ యత్నించెను గాని అది పొసగలేదు. మనస్సు ఒకనాడు ఉల్లాసము, మరునాడు దుఃఖము. ఒక గంట శాంతి, వేరొక గంట కలత. నిలుకడ లేనివానికి ఏకాంతము ఔషధము కాదని అతనికి తోచెను. తరువాత పారిస్‌లో ఫ్యూబే అను కోశాధికారి యింట సేవకుడుగా కుదిరెను. అచ్చట తాను పట్టిన ప్రతి వస్తువును పగులగొట్టుచుండిన మొరటువాడనని అతడే తరువాత నవ్వుచు చెప్పెడివాడు. దైవసన్నిధిలో నడచిన మహనీయులనగానే మనము ఊహించుకొను సుకుమారమూర్తికిని ఈ కుంటికాలి, గరుకుచేతుల మనిషికిని ఎంత దూరము!

అతని పినతండ్రియో మేనమామయో గాని, కార్మెల్ సభలో సహోదరుడైన బంధువొకడుండెను. ఆ దారినే నికొలా 1640లో పారిస్ నగరపు వోజిరార్ వీధిలోని కార్మెల్ మఠమున ప్రవేశించెను. స్పెయిను దేశమున అవిలా తెరేసా (1515–1582) సంస్కరించిన శాఖ యది. ఈ సన్యాసులు బూట్లు తొడుగరు. సాధారణమైన చెప్పులు మాత్రము ధరింతురు. నికొలా గురుపట్టమునకై చదువు యోగ్యత గలవాడు కాడు కనుక, కాయకష్టమునకు నియుక్తులగు సామాన్యసహోదరులలో నొకడుగ చేర్చుకొనిరి. 1642 ఆగష్టు 14న అతడు కడపటి వ్రతములు స్వీకరించెను. మఠమిచ్చిన పేరు పునరుత్థానపు లారెన్సు. క్రీస్తు మృత్యువును జయించి లేచిన రహస్యము ఆ పేరున నున్నది. లారెన్సు అనునదో, మూడవ శతాబ్దమున రోమునగరమున హతసాక్షియై, ఇనుపకమ్ముల మంచముపై కాల్చబడెనని పరంపరగా చెప్పుకొను పునీతుని పేరు. ఐరోపాలో వంటవారు ఆ పునీతుని తమ కాపరిగా ఎంచుదురు. ఈ సహోదరునికి మఠమువారు అప్పగించిన పనియు వంటయే.

వంట యనిన అతనికి సహజముగా రోత. ఈ సంగతి ముఖ్యము. వంటయందు ప్రీతి గలవాడు పొయ్యి యొద్ద దేవుని దర్శించెననిన అందులో వింత కొంచెమే. లారెన్సు దర్శించినది తనకు గిట్టని చోట. మఠమున తన మొరటుతనమునకు తగిన శిక్షలు పడుననియు, చర్మము వలిచినను ఓర్చుకొని ప్రాణము దేవునికర్పింతుననియు సిద్ధపడి వచ్చినవాడు. తీరా చూడగా అచ్చట తనకు లభించినది తృప్తియే యని, దేవుడు తన్ను మోసగించెనని పరిహాసముగా చెప్పెను.

ఐనను ఈ పరిహాసమును పట్టుకొని అతని దారి పూలబాట యని భ్రమపడరాదు. లారెన్సును పొగడు చిన్నపుస్తకములు చాలవరకు ఇచ్చటనే తొందరపడును. మొదటి పదియేండ్లు అతడు లోలోపల మిక్కిలి బాధపడెను. దేవునికి తానర్పింపదలచినంతగా అర్పింపలేకున్నానను క్లేశము ఒకటి. గతపాపముల స్మృతి మరియొకటి. తనవంటివానికి దేవుడు కృపలు చూపుట వింతగా తోచి, ఇవన్నియు తన కల్పనలేమో యను శంక వేరొకటి. పడుట, లేచుట, మరల పడుట. నాలుగు సంవత్సరములు అతడు తాను నరకమునకే పోవువాడనని నిశ్చయముగా నమ్మెను. లోకమున ఎవరు చెప్పినను ఆ నమ్మకము అతని మనస్సును విడువలేదు. ఏ పని చేయుచున్నను దేవుని సన్నిధి యుండవలెనని కోరినవానికి, ఆ దేవుడే తన్ను త్రోసివేసెనని తోచినచో ఇంక మిగులునదేమి?

అతనికి దొరికిన మార్గము తర్కమున కందునది కాదు గాని, మిక్కిలి నిజాయితీ గలది. దేవునిపై ప్రేమచేతనే గదా ఈ మఠమునకు వచ్చితిని. ఇంతకాలము ఆయన కొరకే చేయ యత్నించితిని. రక్షణ పొందుదునో నశింతునో గాని, చచ్చువరకు ఆయన కొరకే చేయుదును. కనీసము ఆ మేలైనను నాకు మిగులును—ఇట్లు నిశ్చయించుకొనెను. స్వర్గమునకై బేరమాడుట మానెను. నరకమునుండి తప్పించుకొనుటకై యత్నించుటయు మానెను. జీవితాంతము ఈ బాధతోనే గడుపవలసియున్నను సరేయని ఒప్పుకొనిన తరుణముననే, ఒక్కసారిగా తన స్థితి మారిపోయెనని అతడు వ్రాసికొనెను. కలత పోయెను, ఆత్మకు తన చోటు దొరికినట్లయ్యెను.

ఇక అతని ప్రార్థనావిధానము. విధానమనుటకు అందులో నున్నది స్వల్పము. దేవుని చేరుటకు పలువురు పలు మార్గములు చెప్పిన పుస్తకములు అతడు చదివిచూచెను. అవి దారి చూపుటకు మారుగ చిక్కుపరచెను. కనుక వానిని ప్రక్కకు పెట్టి, సర్వమును ఇచ్చి సర్వమును పొందుటయే చాలునని తలచెను. అతని సభామాత యగు తెరేసా, ప్రార్థింప మొదలిడువారు క్రీస్తును తమ ప్రక్కనే యున్న స్నేహితునివలె భావించి సంభాషింపవలెనని నేర్పియుండెను. లారెన్సు ఆ ఉపదేశమును ప్రార్థనాలయపు గోడలు దాటించి పనిలోనికి తెచ్చెను. పనికి ముందు సహాయమడుగుట, పని నడుమ ఒకటిరెండు మాటలు చెప్పుకొనుట, పని ముగిసినంతనే తాను దానిని ఎట్లు చేసితినని చూచుకొనుట. బాగుగ చేసియున్న కృతజ్ఞత, లేకున్న క్షమాపణ. తప్పు చేసినందులకు తనలో తాను క్రుంగిపోక, చేయి విడిచిన బిడ్డ మరల తల్లి చేయి పట్టుకొన్నట్లు మరల సన్నిధికి వచ్చుట. ఇంతే.

మనస్సు పరుగులిడుట అతనికిని తప్పలేదు. ఆరంభదినములలో ప్రార్థనకు నియమించిన కాలమంతయు చెదరు తలపులను త్రోలుటయు, మరల వానిలోనే పడుటయు జరుగుచుండెనట. ఆ మనస్సును కొరడాతో కొట్టి తేరాదనియు, మెల్లగ పిలిచి తేవలెననియు అతడు తరువాత ఇతరులకు నేర్పెను. అల్లరిపిల్లవానితో వేగిన యుపాధ్యాయునికి ఈ మాటలోని సత్యము వేరుగ చెప్పనక్కరలేదు.

ఇట్లు చేయగా చేయగా నియమితప్రార్థనకును పనికిని గల భేదము అతనికి చెరగిపోయెను. పెద్దలు ప్రార్థింపుమని పంపినపుడు పోయెడివాడు. కాని అందులకై ప్రత్యేకముగ కోరెడివాడు కాడు. నలుగురు నాలుగువైపులనుండి తలకొకటి అడుగుచు, గిన్నెలు మ్రోగుచు, పొగ కమ్మియున్న వంటశాలలో నుండినను, దివ్యసత్ప్రసాదము ముందు మోకరించియున్నప్పుడెంత శాంతియో అంత శాంతి అతనికుండెను. చూచినవారు చెప్పిన మాట యిది: అతడు తొందరపడడు, తాత్సారము చేయడు, ఏ పని దాని వేళకు దానిని జరుపును. పెనముపై గుడ్డట్టు తిరుగవేయుట గూడ దైవప్రీతికే. అట్టు వేయుట ముగిసి వేరుపని లేకున్న, ఆ వంటయింటి నేలపైననే సాగిలపడి ఆరాధించి, రాజుకంటె సంతోషముగ లేచెడివాడు. చేయుటకు మరేమియు లేనప్పుడు నేలపైనున్న గడ్డిపరకను దేవునికొరకై తీసి ప్రక్కన వేయుటయు అతనికి చాలిన సేవయే.

తరగతిలో పోతన ప్రహ్లాదుని బోధించినప్పుడెల్ల నాకు ఈ వంటవాడు జ్ఞప్తికి వచ్చును. త్రాగుచు, తినుచు, మాటలాడుచు, నవ్వుచు, నిద్రించుచు, తిరుగుచు గూడ శ్రీహరి పాదచింతన వీడని బాలుని పోతనగారు చిత్రించిన పద్యము ఎరుగని తెలుగు విద్యార్థి యుండడు. పోలిక స్పష్టము. భేదమును గమనింపదగినదే. ప్రహ్లాదుడు ఆ చింతామృతమున లోకమునే మరచెను. లారెన్సు మరచుటకు వీలులేదు. మరచిన అట్టు మాడును, మఠము పస్తుండును. దేవుని తలచుచు పెనమును గూడ తలపవలసినవాని కష్టము వేరు. లోకమును మరచుట ఎక్కువయా, మరువకుండుట ఎక్కువయా యను చర్చకు నేను పూనుకొనను. సంసారులకును ఉద్యోగులకును ఈ రెండవ దారి యొక్కటే తెరచియున్నదని మాత్రము తోచును.

మఠమువారు అతనిని ఒకమారు ద్రాక్షసారా కొనుటకు బర్గండీ ప్రాంతమునకు పంపిరి. వ్యాపారము తెలియదు, కాలు కుంటు. పడవపై పీపాల మీదుగా దొర్లుచు తప్ప కదలలేకపోయెను. ఇది నీ పనియే గదా యని దేవునితో చెప్పి బయలుదేరితిననియు, అంతయు చక్కగనే జరిగినదనియు, ఎట్లు జరిగెనో తనకు తెలియదనియు అతడు చెప్పెను. అంతకు ముందు ఓవెర్న్య ప్రాంతమునకు ఇట్టి పనిమీదనే పోయినపుడును అంతే. పుణ్యపురుషుల చరిత్రలలో పీపాల లెక్కలు అరుదుగ కనబడును. ఇతని చరిత్రలో నవి తీసివేసిన మిగులునది తక్కువ.

పదునైదేండ్లు వంటశాలలో గడచిన పిమ్మట, కాలినొప్పి హెచ్చగా కూర్చుండి చేయు పని యిచ్చిరి. నూరుమంది నడకకు కావలసిన చెప్పులను బాగుచేయుట. ఆ గదికే జనులు అతనిని వెదకికొని వచ్చుచుండిరి. 1666 ఆగష్టు 3న ఝొజెఫ్ ద బొఫోర్ అను గురువు మొదటిసారి వచ్చి మాటలాడెను. ఈ బొఫోర్, తరువాతి కాలమున పారిస్ ఆర్చిబిషప్పైన నోయాయ్ గారికి కుడిభుజముగా నుండినవాడు. 1667 నవంబరు వరకు జరిగిన నాలుగు సంభాషణలను అతడు వ్రాసియుంచుట చేతనే లారెన్సు మాట మనకు దక్కినది. వీనితోబాటు లారెన్సు కన్యాసన్యాసినులకును, గృహస్థులకును వ్రాసిన పదునారు జాబులు నిలిచినవి. ఒక జాబులో అతడు యుద్ధమున నున్న యువసైనికుని తలచి, కత్తి చేతబట్టి నడచుచున్న వేళ సయితము క్షణకాలము హృదయమును దేవుని వైపు ఎత్తుట గొప్ప ప్రార్థనయే యనియు, అది ధైర్యమును తగ్గింపక పెంచుననియు వ్రాసెను. రాంబెర్విలే గాయమును అనుభవించినవాడు వ్రాసిన మాట యది.

మరియొక జాబున తన స్థితిని ఒక దృష్టాంతముగ చెప్పెను. తాను రాజునకు ద్రోహము చేసిన నేరస్థుడు. నేరమంతయు ఒప్పుకొని, శిక్షింపుమని రాజు చేతులలో బడెను. రాజు శిక్షింపలేదు, కౌగిలించుకొని, తన బల్ల యొద్ద కూర్చుండబెట్టి, తన చేతులతో వడ్డించి, బొక్కసపు తాళపుచెవులిచ్చెను. జీవితమంతయు ఇతరులకు వడ్డించినవాడు తనకు వడ్డించు దేవుని ఊహించెను. నాలుగేండ్లు నరకభయమున మ్రగ్గినవాని నోట ఈ దృష్టాంతము వచ్చుట గమనింపదగినది.

చివరి యేండ్లలో కాలు పుండుపడి మిక్కిలి బాధించెను. రోగియై యున్న అతనిని చూడ వచ్చినవారిలో, తరువాత కాంబ్రే ఆర్చిబిషప్పై, గ్రంథకర్తగ ఐరోపా యంతట పేరొందిన ఫెనెలోన్ ఒకడు. పుట్టుకచే మోటువాడు, దైవకృపచే సుకుమారుడు అని అతడు లారెన్సును గూర్చి భావించెను. అంత జబ్బులోను అంత ఉల్లాసముగ నుండుట చూచి విస్మయపడెను. ఏమి చేయుచున్నావని మరణశయ్యపై ఎవరో అడుగగా, నిత్యత్వమున చేయబోవు పనినే యిప్పుడును చేయుచున్నానని, అనగా దేవుని స్తుతించి ప్రేమించుచున్నానని తెలిపెను. 1691 ఫిబ్రవరి 12న శాంతముగ కన్నుమూసెను.

మరుసటి యేడే బొఫోర్ అతని సూక్తులను, జాబులను అచ్చువేయించెను. 1694లో సంభాషణలును వెలువడెను. కాని కాలము అనుకూలింపలేదు. ఆత్మ సర్వప్రయత్నములను విడిచి దేవునిలో ఊరకుండుటయే పరిపూర్ణత యను క్వయటిజమ్ వాదముపై ఫ్రాన్సులో పెద్దవివాదము చెలరేగెను. ఫెనెలోన్ తన పక్షమున లారెన్సును సాక్షిగ పేర్కొనెను; 1699లో ఫెనెలోన్ గ్రంథమును పోపు ఖండించెను. ఆ దెబ్బ వంటవాని చిన్నపుస్తకముపై గూడ పడి, అతని సొంతదేశపు కాథలిక్కులు దానిని చాలకాలము అనుమానముతో చూచిరి. గరిటె విడువక పనిచేసినవానికి ఊరకుండువారి జాబితాలో పేరు పడుట ఎంత విపరీతము! పుస్తకము మాత్రము సరిహద్దులు దాటెను. పియర్ పువారే అను ప్రొటెస్టెంటు దానిని మరల ప్రచురించెను. ఇంగ్లీషులోనికి వచ్చెను. జాన్ వెస్లీ 1749–1755 మధ్య వెలువరించిన క్రైస్తవ గ్రంథమాలలో దాని భాగములను చేర్చెను. మఠము నెరుగని ప్రొటెస్టెంటు గృహములలో, కాథలిక్ సన్యాసి పుస్తకము ఇట్లు పఠనగ్రంథమయ్యెను. అతని యింటివారు గూడ చివరకు అతనిని తిరిగి చేర్చుకొనిరి: లారెన్సు మృతిచెంది మూడువందల యేండ్లు నిండిన 1991లో, కార్మెల్ సభకే చెందిన కాన్రాడ్ డి మీస్టర్ అతని రచనలను, సంభాషణలను మూలపాఠములతో పరిష్కరించి పారిస్‌లో ప్రకటించెను.